మిగిలిన ఇంధనంతో ప్రయాణ దూరం: వాహన సూచికల అంచనా ఎంతవరకు విశ్వసనీయం?

సారాంశం

కారు డ్యాష్‌బోర్డుపై కనిపించే "మిగిలిన దూరం" నేరుగా కొలిచిన విలువ కాదు. ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని ఇటీవలి సగటు మైలేజీతో గుణించి చూపే అంచనా అది. ఇంధన పరిమాణాన్ని కొలవడంలో వచ్చే దోషం ఒకటి, గడచిన ప్రయాణపు సగటును రాబోయే ప్రయాణానికి వర్తింపజేయడంలో వచ్చే దోషం మరొకటి ఇందులో కలిసి ఉంటాయి. మార్గం, వేగం, బరువు మారనంత వరకు ఈ అంచనా ఉపయోగకరంగానే ఉంటుంది. అవి మారినప్పుడు, ముఖ్యంగా ఇంధనం అడుగంటిన దశలో, దోషం పెరుగుతుంది. ఈ వ్యాసంలో ఆ దోషాల మూలాలు, వాటిని పరిశీలించే సులభ పద్ధతి, ట్రాక్టరు పనికి ఇదే లెక్కను అన్వయించే తీరు, నీటి తడుల సలహాలో దీని ప్రాసంగికత చర్చించబడినాయి.

కీలక పదాలు: ఇంధన సూచిక, సగటు మైలేజీ, అంచనా దోషం, ట్రాక్టరు ఇంధన వినియోగం, నేల తేమ

ఉపోద్ఘాతం

క్షేత్ర సందర్శనకు బయలుదేరే విస్తరణ శాస్త్రవేత్తకు వాహనంలో ఎంత ఇంధనం ఉన్నదన్నది చిన్న విషయం కాదు. తిరుగు ప్రయాణంలో పెట్రోలు బంకు ఎంత దూరంలో ఉన్నదో తెలియని మార్గాలు చాలా ఉన్నాయి. సూచికపై 90 కి.మీ. అని కనిపించినప్పుడు 70 కి.మీ. దూరంలోని గ్రామానికి ధైర్యంగా వెళ్లవచ్చునా? 20 కి.మీ. తేడా చాలునా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఆ అంకె ఎలా పుట్టిందో ముందుగా తెలుసుకోవాలి. నిల్వను వినియోగ రేటుతో పోల్చి "ఇంకెంత కాలం వస్తుంది" అని చెప్పే ప్రతి సలహాకూ ఈ అవగాహన అవసరమే. వ్యవసాయ విస్తరణలో అటువంటి సలహాలు నిత్యం ఇవ్వవలసి వస్తుంది.

సూచిక లెక్కించే విధానం

ఈ లెక్కలో రెండు రాశులు ఉన్నాయి. మొదటిది ట్యాంకులోని ఇంధన పరిమాణం. ట్యాంకు లోపల ఇంధనంపై తేలే ఫ్లోట్ ఒక చేతికి అమర్చబడి ఉంటుంది. మట్టం మారినప్పుడు ఆ చెయ్యి కదిలి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును లీటర్లుగా మార్చుకొంటారు. రెండవది సగటు మైలేజీ. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకొని ఉన్నాయో ఇంజను నియంత్రణ కంప్యూటరుకు తెలుసు కనుక, ఖర్చయిన ఇంధనాన్ని అది లెక్కిస్తుంది. ప్రయాణించిన దూరాన్ని దానితో భాగిస్తే మైలేజీ వస్తుంది. ఈ సగటును ఎంత వెనుకటి దూరం నుంచి తీసుకోవాలన్నది తయారీదారు నిర్ణయం. తక్కువ దూరపు సగటు తీసుకొంటే అంకె త్వరత్వరగా ఊగుతుంది. ఎక్కువ దూరపు సగటు తీసుకొంటే అంకె నిలకడగా ఉంటుంది కాని, పరిస్థితి మారిన సంగతిని ఆలస్యంగా గ్రహిస్తుంది. ఈ రెండు లోపాలను ఒకేసారి తొలగించడం సాధ్యం కాదు.

ఇంధన పరిమాణం కొలతలో దోషాలు

కారు అడుగుభాగంలో దొరికిన చోటుకు తగినట్లు మలచడం వలన ట్యాంకు ఆకారం క్రమంగా ఉండదు. మట్టం ఒక సెంటీమీటరు తగ్గినప్పుడు పైభాగంలో ఖర్చయిన లీటర్లు, అడుగుభాగంలో ఖర్చయిన లీటర్లు సమానం కావు. వాహనం వాలుపై నిలిచినా, మలుపు తిరిగినా ఇంధనం ఒక ప్రక్కకు చేరి ఫ్లోట్ స్థానం మారుతుంది. ఈ కదలికలకు అంకె ఊగకుండా ఉండేందుకు సూచికను కావాలనే నెమ్మదిగా స్పందించేటట్లు రూపొందిస్తారు. ఒకటి రెండు లీటర్లు మాత్రమే పోయించినప్పుడు కొన్ని వాహనాలలో దూరం అంకె వెంటనే పెరగకపోవడానికి ఇటువంటి అమరికలే కారణం. ఉష్ణోగ్రత వలన పెట్రోలు వ్యాకోచించడం డిగ్రీకి సుమారు 0.1 శాతమే కనుక ఇక్కడ దాని పాత్ర స్వల్పం.

ఈ దోషంలో గమనించవలసిన అంశం ఒకటున్నది. కొలతలో ఒక లీటరు తేడా ఉన్నదనుకొందాం. ట్యాంకులో 40 లీటర్లు ఉన్నప్పుడు అది 2.5 శాతం మాత్రమే. 5 లీటర్లు మిగిలినప్పుడు అదే లీటరు 20 శాతం. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారులో 75 కి.మీ. అని చూపిన చోట నిజమైన దూరం 60 నుంచి 90 కి.మీ. మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే, అంకెపై ఆధారపడవలసిన అవసరం ఎక్కువయ్యే కొద్దీ దాని కచ్చితత్వం తగ్గుతుంది. అందువలననే పలు వాహనాలలో ఇంధనం బాగా తగ్గిన తరువాత అంకె స్థానంలో గీతలు మాత్రమే కనిపిస్తాయి. సున్నా చూపిన తరువాత కూడ కొంత ఇంధనం మిగిలి ఉండేటట్లు అమర్చడం సాధారణమే అయినా, ఆ పరిమాణం మోడలును బట్టి మారుతుంది. దానిని లెక్కలో చేర్చుకోరాదు. ట్యాంకులోని విద్యుత్ ఇంధన పంపు చల్లబడేది ఆ ఇంధనం వలననే కనుక, తరచు అడుగంటే వరకు నడపడం పంపుకు కూడ చేటు.

వినియోగ రేటులో దోషాలు

పెద్ద తేడాలు వచ్చేది రెండవ రాశి నుంచి. 10 లీటర్లు మిగిలి ఉన్న ఒక కారు జాతీయ రహదారిపై లీటరుకు 18 కి.మీ. చొప్పున వచ్చి నగరంలో ప్రవేశించిందనుకొందాం. సూచిక 180 కి.మీ. చూపుతుంది. నగరంలో ఆ కారు లీటరుకు 12 కి.మీ. మాత్రమే ఇస్తే, వాస్తవంగా వెళ్లగలిగినది 120 కి.మీ. 60 కి.మీ. తిరిగేసరికి 5 లీటర్లు ఖర్చవుతాయి. అప్పటికి సగటు 15కు దిగితే సూచిక 75 చూపుతుంది. తిరిగినది 60 కి.మీ., తగ్గినది 105 కి.మీ. అప్పుడు కూడ వాస్తవంగా మిగిలినది 60 కి.మీ. మాత్రమే. ఇక్కడ ఫ్లోట్‌లో గాని ఇంజెక్టరు లెక్కలో గాని లోపం లేదు. రహదారి సగటును నగరానికి వర్తింపజేయడమే దోషానికి కారణం.

ఘాట్ రోడ్లలో ఈ ప్రభావం మరింత స్పష్టం. తిరుపతి, తిరుమల ఎత్తులలో తేడా సుమారు 700 మీటర్లు. 1,200 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 8.2 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, ఇంజను అందులో నాలుగవ వంతును చక్రాలకు అందిస్తుందనుకొంటే లీటరుకు 8 మెగాజౌళ్లు లభిస్తాయి. కనుక ఎత్తు ఎక్కడానికే ఒక లీటరు అదనంగా ఖర్చవుతుంది. కొండపైకి చేరిన వెంటనే కనిపించే అంకె వాస్తవం కంటె తక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఆధునిక ఇంజన్లు ఇంధన సరఫరాను నిలిపివేస్తాయి. సగటు పెరిగి, కొండ దిగువకు చేరేసరికి అంకె వాస్తవం కంటె ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్కి వచ్చిన వ్యక్తి అనవసరంగా ఆందోళన పడవచ్చు; దిగి వచ్చిన వ్యక్తి బంకు దాటి వెళ్లి ఇబ్బంది పడవచ్చు. ఈ రెండింటిలో ప్రమాదకరమైనది రెండవది.

వేగం ప్రభావం కూడ ఇటువంటిదే. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక గంటకు 80 కి.మీ. నుంచి 110 కి.మీ.కి పెంచినప్పుడు ఆ నిరోధం దాదాపు 1.9 రెట్లవుతుంది. ఎయిర్ కండిషనరు, అదనపు బరువు, టైర్లలో తక్కువ గాలి ఇదే దిశలో పనిచేస్తాయి.

ఇథనాల్ మిశ్రమం విషయంలో ఒక భేదాన్ని గుర్తించాలి. లీటరు ఇథనాల్‌లో శక్తి సుమారు 21 మెగాజౌళ్లు. ఈ లెక్కన 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో, 10 శాతం కలిసిన దానికంటె లీటరుకు దాదాపు 3.5 శాతం తక్కువ శక్తి ఉంటుంది. ఇథనాల్ లేని పెట్రోలు కొరకు రూపొందించి 10 శాతం మిశ్రమానికి సరిచేసిన నాలుగు చక్రాల వాహనాలలో, 20 శాతం మిశ్రమం వాడితే ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. దీని వలన వాహనం వెళ్లగలిగే దూరం తగ్గుతుంది. సూచిక కచ్చితత్వం మాత్రం మిశ్రమం మారిన మొదటి ట్యాంకులోనే దెబ్బతింటుంది. అదే ఇంధనాన్ని వరుసగా వాడితే తగ్గిన మైలేజీ సగటులో చేరిపోతుంది.

పరిశీలించే పద్ధతి

వాహనాన్ని ఆగిపోయే వరకు నడిపి చూడనవసరం లేదు. రెండు పరీక్షలు చాలును.

1. నిండు ట్యాంకు పరీక్ష: సమతలంపై ఉన్న ఒకే బంకులో, పంపు తనంతట ఆగే వరకు నింపి, కనీసం 300 కి.మీ. తిరిగిన తరువాత అదే విధంగా మరల నింపాలి. తిరిగిన దూరాన్ని రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వాస్తవ మైలేజీ తెలుస్తుంది. ఉదాహరణకు 400 కి.మీ.కు 24 లీటర్లు పట్టి, సూచిక సగటు 18 అని చూపితే, వాస్తవం 16.7 కనుక సూచిక 8 శాతం ఎక్కువ చూపుతున్నదని అర్థం.

2. తగ్గుదల నిష్పత్తి: మధ్యలో ఇంధనం పోయించని ప్రయాణంలో, సూచికపై తగ్గిన కిలోమీటర్లను ఓడోమీటరుపై తిరిగిన కిలోమీటర్లతో భాగించాలి. ఫలితం 1 అయితే అంచనా సరిగా ఉన్నది. 1 కంటె ఎక్కువైతే ప్రారంభంలో చూపిన అంకె వాస్తవాన్ని మించినది. పై నగర ఉదాహరణలో ఈ నిష్పత్తి 1.75.

రెండు పరీక్షలను ఒక్కసారి చేసి నిర్ధారణకు రారాదు. రహదారి, నగరం, గ్రామీణ మార్గాలకు విడివిడిగా కొన్ని పర్యాయాలు నమోదు చేయాలి. ఒక మార్గంలో నిష్పత్తి నిలకడగా 1.3 వస్తే, ఆ మార్గంలో సూచిక చూపే 130 కి.మీ.ను 100 కి.మీ.గా భావించడం సమంజసం.

ట్రాక్టరుకు అన్వయం

పొలంలో పనిచేసే ట్రాక్టరుకు కిలోమీటర్ల లెక్క అర్థరహితం. రైతుకు కావలసినది ఎన్ని గంటలు నడుస్తుంది, ఎన్ని ఎకరాలు పూర్తవుతాయి అన్నది. 20 లీటర్ల డీజిల్ మిగిలి ఉన్న ట్రాక్టరు ట్రాలీతో తేలిక రవాణాలో గంటకు 3 లీటర్లు, నల్లరేగడిలో రోటవేటరుతో 6 లీటర్లు వాడుతుందనుకొందాం. మొదటి పనిలో 6 గంటలకు పైగా వచ్చే ఇంధనం రెండవ పనిలో 3 గంటల 20 నిమిషాలకే సరిపోతుంది. ఉదయం రవాణాలో కనిపించిన వినియోగాన్ని మధ్యాహ్నపు దుక్కికి వర్తింపజేస్తే అంచనా సగానికి సగం తప్పుతుంది.

విస్తీర్ణపు లెక్క ఇలా ఉంటుంది. గంటకు 3 కి.మీ. వేగం, 1.5 మీటర్ల వెడల్పు, 80 శాతం క్షేత్ర సామర్థ్యంతో గంటకు 0.36 హెక్టారు పని జరుగుతుంది. 3 లీటర్లను ముట్టకుండా నిల్వగా ఉంచితే 17 లీటర్లతో 2.8 గంటలు, అంటే సుమారు ఒక హెక్టారు (రెండున్నర ఎకరాలు) పూర్తి చేయవచ్చు. ఆ నిల్వ ఉంచడం తప్పనిసరి. డీజిల్ పూర్తిగా అయిపోతే ఇంధన గొట్టాలలోకి గాలి చేరుతుంది. డీజిల్ పోసినంత మాత్రాన ఇంజను స్టార్టు కాదు. గాలిని బయటకు తీయవలసి ఉంటుంది. విత్తే అదను రెండు మూడు రోజులకు మించని వర్షాధార ప్రాంతాలలో, అద్దె ట్రాక్టరు ఒక పూట నిలిచిపోతే నష్టపోయేది వరుసలో వేచి ఉన్న తరువాతి రైతు కూడ. మధ్యప్రదేశ్‌లోని బుద్ని, అనంతపురం జిల్లాలోని గార్లదిన్నె కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థల నివేదికలలో వివిధ లోడ్ల వద్ద ఇంధన వినియోగం నమోదై ఉంటుంది. వాటిని తొలి ఆధారంగా తీసుకొని, స్థానిక నేలలో చేసిన కొలతలతో సరిచేసుకోవాలి.

నీటి తడుల సలహాలో ప్రాసంగికత

"ఇంకెన్ని రోజులకు తడి ఇవ్వాలి" అన్న ప్రశ్నకు ఇచ్చే సమాధానం నిర్మాణంలో ఇటువంటిదే. నేలలోని తేమ ట్యాంకు, పంట రోజువారీ నీటి వినియోగం మైలేజీ, వాడు స్థితికి దిగువన ఉన్న తేమ వాడుకోరాని అడుగు ఇంధనం. వేరుశనగ వేళ్లు విస్తరించిన 60 సెం.మీ. లోతులో 60 మి.మీ. లభ్య నీరు ఉన్నదనుకొందాం. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన 56వ సంచిక ప్రకారం ఈ పంట అందులో సగం వరకు ఒత్తిడికి లోనుకాకుండా తీసుకోగలదు. అంటే 30 మి.మీ. గడచిన వారంలో పంట గుణకం 0.7, ప్రామాణిక వినియోగం రోజుకు 5 మి.మీ. అయితే పంట వాడినది 3.5 మి.మీ. ఆ లెక్కన 8 రోజులకు పైగా వ్యవధి కనిపిస్తుంది. కాని పంట పూర్తిగా కమ్ముకొన్న దశలో గుణకం 1.15కు చేరుతుంది. అప్పుడు వినియోగం 5.75 మి.మీ., వ్యవధి 5 రోజులు మాత్రమే. గడచిన వారపు సగటుతో సలహా ఇస్తే తడి మూడు రోజులు ఆలస్యమవుతుంది. అది ఊడలు దిగే దశ అయితే ఆ ఆలస్యం దిగుబడిలో కనిపిస్తుంది. కారు సూచికకు ముందున్న రోడ్డు తెలియదు. శాస్త్రవేత్తకు మాత్రం పంట ఏ దశలో ప్రవేశించబోతున్నదో తెలుసు. ఆ సమాచారాన్ని లెక్కలో చేర్చకపోవడానికి కారణం ఉండదు.

ముగింపు

మిగిలిన దూరం సూచికను నమ్మరాదని గాని, పూర్తిగా నమ్మవచ్చునని గాని చెప్పడం సరికాదు. పరిస్థితులు మారని ప్రయాణంలో అది మంచి మార్గదర్శి. ఇంధనం పావు ట్యాంకుకు తగ్గినప్పుడు, మార్గం స్వభావం మారబోతున్నప్పుడు, ఘాట్ దిగిన వెంటనే, ఇంధన మిశ్రమం మారినప్పుడు ఆ అంకె నుంచి కొంత తగ్గించుకొని నిర్ణయం తీసుకోవాలి. ప్రారంభంలో ప్రస్తావించిన 90 కి.మీ. అంకె, ఆ మార్గంలో తగ్గుదల నిష్పత్తి 1.3 ఉన్న వాహనంలో, 69 కి.మీ.తో సమానం. 70 కి.మీ. దూరంలోని గ్రామానికి ముందు ఇంధనం పోయించుకొనే బయలుదేరాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు గంటలలో, ఎకరాలలో, రోజులలో ఇచ్చే అంచనాలకు మూడు వివరాలు జోడించడం ఆచరణీయం: నిల్వను ఎలా కొలిచారు, ఏ వినియోగ రేటు తీసుకొన్నారు, ఏది మారితే ఆ అంకె చెల్లదు. ఈ మూడింటిలో చివరిది తెలిసిన రైతు, వడగాలులు మొదలైన రోజుననే తడి తేదీని ముందుకు జరుపుకోగలడు.