ఆయిల్‌లో పోలిక పట్టే చేతికి ఫిల్మ్‌నగర్‌లో పని

జమీందారు ఇంటి సెట్ వేస్తే గోడ మీద తాతగారి నిలువెత్తు పటం ఉండాల్సిందే. అందులో నటుడి పోలికలు కనబడాలి, కెమెరా దగ్గరికెళ్లినా ఫొటో ప్రింటులా అనిపించకూడదు. అలాంటప్పుడే ఆర్ట్ డిపార్ట్‌మెంటుకు ఆయిల్ పెయింటింగ్ తెలిసిన మనిషి అవసరం పడుతుంది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు గట్టివాళ్లే. ‘మాయాబజార్’ (1957) కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే చిత్రకారుడు. పాలకొల్లు ఈశ్వర్ ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టి దశాబ్దాలపాటు సినిమా పోస్టర్లు గీశారు. ‘రుద్రమదేవి’ (2015) కళాదర్శకుడు తోట తరణి చిత్రకారుడిగానూ పేరున్నవారు. ఫ్లెక్సీలొచ్చాక చేత్తో గీసే బ్యానర్లు పోయిన మాట నిజం. కానీ కంప్యూటర్ మీద కాన్సెప్ట్ ఆర్ట్ గీసేవాళ్లకూ ముఖం మీద వెలుగు ఎలా పడుతుందో తెలియాలి.

అందుకే కొన్ని నెలలపాటు రంగుల జోలికి పోకుండా బొగ్గుతో సాధన చేయడం మేలు. ఆ తర్వాత కాన్వాసు. బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పల్చన చేసి ముందు నీడలు పరుచుకోవాలి. కళ్లు సగం మూసి చూస్తే కనురెప్పలూ పెదవుల గీతలూ మాయమై, ముఖం నాలుగైదు వెలుగునీడల ముక్కలుగా విడిపోతుంది. అవి కుదిరాయా, కన్ను వేయకముందే పోలిక వచ్చేస్తుంది! పై పొరల్లో లిన్సీడ్ నూనె పెంచుతూ పోవాలి. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే చిత్రం పగుళ్లిస్తుంది.

ఒంటి రంగు దగ్గర విదేశీ వీడియోలను గుడ్డిగా నమ్మితే చిక్కే. చామనఛాయలో తెలుపు ఎక్కువైతే ముఖం బూడిద పూసినట్టవుతుంది. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, అల్ట్రామెరీన్ బ్లూ, కాస్త ఎరుపుతో మొదలుపెట్టి తెలుపును ఆచితూచి కలపాలి. పగటిపూట కిటికీ పక్కన కూర్చున్న నల్లని మనిషి నుదుటి మెరుపులో ఆకాశపు నీలం కనిపిస్తుంది. అది పట్టుకున్న చేయి ఎక్కడైనా గుర్తింపు పొందుతుంది.

చదువుకు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏ పెయింటింగ్ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎఫ్ఏ చేయొచ్చు.

సినిమా పని నెల జీతం కాదు, ఖాళీ రోజులూ ఉంటాయి. ఇళ్లకు పోర్ట్రెయిట్లు గీసిస్తూ ఆ లోటు పూడ్చుకోవాలి, సగం అడ్వాన్సు అడగడానికి మొహమాటపడకూడదు. సెట్‌కు రెండ్రోజుల్లో కావాలంటే అడుగున అక్రిలిక్ వేసి, ఆరాక పైన పల్చగా ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం నిలవదు.

కళాదర్శకుణ్ని కలవడానికి వెళ్లేటప్పుడు హీరోల ఫొటోలు చూసి దించిన బొమ్మలకన్నా, ఎదురుగా కూర్చోబెట్టి గీసిన ముఖాలు పట్టుకెళ్లాలి: అమ్మమ్మ, మెస్సులో వంటాయన, కృష్ణానగర్‌లో గది పంచుకునే స్నేహితుడు. ఒక్కో చిత్రం పక్కన అది ఏ దశలో ఎలా ఉందో ఫొటోలు కూడా పెట్టాలి.