గ్రనాడా తోటలు – నీటి నేర్పు

తోట వేయుట యనగానే మనకందఱికిని పూలమొక్కలే మొదట తలపునకు వచ్చును. ఏ మొక్క యెచ్చట నాటవలెను, ఏ పూవు ఏ ఋతువున పూయును అని ముందు ఆలోచించి, నీటి మాట కడపట తలచెదము. మధ్యధరా సముద్రప్రాంతపు పూర్వపు తోటమాలులు దీనికి విరుద్ధముగా నడచిరి. వారికి ముందు నీరు, పిదప నీడ, కడపట పూవు. ఈ క్రమమెందువలన కలిగెనో, దానినుండి మనమేమి నేర్వవచ్చునో ఈ వ్యాసమున విచారింతము. దృష్టాంతముగా స్పెయిను దేశమందలి గ్రనాడా నగరపు తోటలను గైకొందము.

1. అచ్చటి ఎండ, అచ్చటి వాన

మన దేశమున ఎండలు ముదిరిన పిమ్మట వానలు వచ్చి నేలను చల్లార్చును. మధ్యధరా ప్రాంతమున నట్లు కాదు. అచ్చట వానలు ముఖ్యముగా చలికాలమున కురియును. మొక్కలకు నీరు మిక్కిలి కావలసిన వేసవిలోనే మబ్బు మొగము చాటువేయును. గ్రనాడాలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 350 మిల్లీమీటర్లు మాత్రమే. అందు జూలై నెల వంతు మిక్కిలి స్వల్పము. కాలిఫోర్నియాలోను, మధ్య చిలీలోను, దక్షిణాఫ్రికాయందలి కేప్ ప్రాంతమునను, ఆస్ట్రేలియా నైఋతి భాగమునను ఇట్టి శీతోష్ణస్థితియే కలదు.

ఇట్టిచోట పెరుగు మొక్కలు దప్పికకు ఓర్చుకొనునవి. ఒలీవ, రోజ్‌మేరీ, లావెండరు మొదలగువాని ఆకులు చిన్నవిగా గాని సన్ననివిగా గాని ఉండి నీటిని త్వరగా పోనీయవు. వీనికి తోడు నీరు పెట్టి పెంచిన దానిమ్మ, నారింజ చెట్లు కలవు. స్పానిషు భాషలో గ్రనాడా యనగా దానిమ్మపండు. నారింజను వారు నరంహ యందురు. ఆ పేరు మన దేశమునుండి పారసీక, అరబ్బీ భాషల మీదుగా వారిని చేరినదే. మన నారింజయు దానికి చుట్టమే.

2. నీరు కొండ యెక్కిన విధము

1238వ సంవత్సరమున మొదటి ముహమ్మదు అను సుల్తాను గ్రనాడాలో ఒక కొండపై అల్హంబ్రా కోటను కట్టింప నారంభించెను. ఆ కొండపై నీరు లేదు. దిగువ లోయలో దారో అను చిన్న నది పాఱుచున్నది. నీరు పల్లమెఱుగునన్న సామెత మనకు తెలిసినదే గదా! మఱి లోయలోని నీరు కొండమీదికెట్లు వచ్చెను?

ఉపాయము సులభము, పని కష్టము. నది తన మార్గమున పైభాగమునందు కోటకంటె ఎత్తైన నేలపై నుండును. కోటకు సుమారు 6 కిలోమీటర్ల యెగువన నదికి అడ్డుకట్ట కట్టి, అచ్చటినుండి కొండ ప్రక్కనే మిక్కిలి స్వల్పమైన వాలుతో కాలువ త్రవ్విరి. నది లోయలోనికి త్వరగా దిగిపోవుచుండగా, కాలువ మెల్లమెల్లగా దిగుచు కోటను చేరినది. నీరు కొండ యెక్కలేదు. తన యెత్తును పోగొట్టుకొనక వచ్చినది, అంతియే. ఈ కాలువకు రాజకాలువ యని పేరు.

అచ్చటి చిమ్మనగ్రోవులు ఎగజిమ్ముటకును ఈ యెత్తే కారణము. విద్యార్థులారా, ఒక రబ్బరు గొట్టముతో దీనిని పరీక్షింపుడు. గొట్టము నీటితో నింపి, ఒక కొనను ఎత్తున నున్న నీటితొట్టిలో ముంచి, రెండవ కొనను దిగువన పైకి త్రిప్పి పట్టుడు. నీరు ఎగజిమ్మును, కాని తొట్టిలోని నీటిమట్టమును దాటిపోదు. దారిలోని రాపిడిచే కొంత తగ్గియే యుండును.

3. కొంచెపు నీటితో పెద్ద పని

అల్హంబ్రాలోని మిర్టిల్ ప్రాంగణమున సుమారు 34 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల కొలను కలదు. దాని రెండు కొనలయందును చిన్న పళ్లెములవంటి చిమ్మనగ్రోవులున్నవి. వానినుండి నీరు సన్నని కాలువలో నెమ్మదించి, అలజడి లేకుండ కొలనిలో దిగును. అందుచే కొలను అద్దమువలె నిలిచి, ఎదుటి గోపురమును తనలో చూపును. ఐదవ ముహమ్మదు కట్టించిన సింహప్రాంగణమున 12 పాలఱాతి సింహములు ఒక పళ్లెరమును మోయుచు నోటినుండి నీరు విడుచుచుండును. నాలుగు సన్నని కాలువలు అచ్చట కలిసికొనును. అచ్చట నీటి కొలత తక్కువ, చప్పుడు ఎక్కువ.

కోటకెదురుగా నున్న హెనెరలీఫే తోటలో రాజకాలువయే ప్రాంగణము నడుమ పాఱుచున్నది. దానికిరువైపుల నేడు చూపఱులను మురిపించు వంపు ధారలు 19వ శతాబ్దమున చేర్చినవి; మొదటివారు పాఱు నీటితోనే తృప్తిపడిరి. 1958లో అచ్చట అగ్నిప్రమాదము జరిగిన పిమ్మట త్రవ్వి చూడగా, పూర్వపు పాదులు నడకదారికంటె చాల దిగువన నుండెనని తేలినది. పాదు దిగువన నున్నచో నీరు పెట్టుట సులభము, తడి త్వరగా ఆరదు, దారిని నడచువారికి పూలు తివాచివలె కనబడును. ఒక్క పనితో మూడు ప్రయోజనములు!

ఇక చల్లదనమును గూర్చి. ఒక గ్రాము నీరు ఎండలో ఆవిరి యగుటకు సుమారు 580 కేలొరీల వేడిమి కావలెను. ఆ వేడిమిని అది చుట్టునున్న గాలినుండియు నేలనుండియు గ్రహించును. ఎత్తైన గోడలు ఆ చల్లని గాలిని ప్రాంగణమున నిలుపును. కావుననే ఈ తోటలకు గోడ కూడ ఒక చెట్టువంటిది.

4. ఒక న్యాయమైన ప్రశ్న

నీటికి కఱవైన నేలలో రాజు వినోదమునకై నీటిని చిమ్మించుట తగునా యని ఎవరైన అడుగవచ్చును. ఇది తగిన ప్రశ్నయే. జవాబు చెప్పుటకు నీరు తోటలోనికి వచ్చు దారిని మాత్రమే గాక, తోటనుండి పోవు దారిని కూడ చూడవలెను. రాజకాలువ తెచ్చిన నీరు కొలకులకే కాదు. కోటలోని ఇండ్లకును, స్నానశాలలకును, హెనెరలీఫే దిగువనున్న కూరగాయల మళ్లకును అదియే ఆధారము. ఆ మళ్లలో నేటికిని సాగు జరుగుచున్నది. ఎదుటి కొండపైనున్న అల్బైసీన్ పేటకు వేఱొక కాలువ కలదు. దానినుండి 20కి మించిన నీటితొట్లు నిండి ప్రజలకు త్రాగునీరిచ్చెడివి. 1492లో రాజ్యము చేతులు మాఱినను ఈ కాలువలను పూడ్చలేదు. ఏలినవాడెవడైనను దప్పిక యొక్కటే గదా!

మెచ్చవలసినది నీటిని చిమ్మించుట కాదు. కంటికి, చెవికి ఇంపు కూర్చిన నీటినే తిరిగి చెట్టుకు, మనిషికి అందించుట మెచ్చవలసినది.

5. చిన్న తోటకు లెక్క

ఇట్టి తోటను చిన్నదిగా వేయదలచువారు ఈ క్రమమును పాటింపవచ్చును. మొదట నేల వాలును, నీరు వచ్చు దారిని, పోవు దారిని గుర్తింపవలెను. పిదప పడమటి ఎండకు అడ్డముగా గోడనో చెట్టునో ఉంచవలెను. దప్పిక గల మొక్కలను నీటిదరిని, ఓర్పు గల మొక్కలను దూరమున నాటవలెను. పాదులను దారికంటె దిగువన త్రవ్వవలెను.

నీటితొట్టి 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉండనిండు. దానిలో పట్టునది 900 లీటర్లు. ఎండకాలమున దినమునకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరి యగునని యెంచినచో, నష్టము 18 లీటర్లు, అనగా ఇంచుమించు రెండు బిందెలు. చిన్న విద్యుత్పంపు నమర్చినచో ఆ నీరే మరల మరల పాఱును. ధారను ఎత్తుగా చిమ్మించినచో గాలి దానిని హరించును. అంచు మీదుగా జాఱవిడిచినచో చప్పుడు దక్కును, నీరును దక్కును. నిలువ నీటిలో దోమలు పుట్టును గావున చిన్న చేపలను విడువవలెను. మార్చిన నీటిని కాలువపాలు చేయక పాదులకు మళ్లింపవలెను.

మనలో అనేకులకు కొలను కట్టుకొను స్థలము గాని ధనము గాని లేకపోవచ్చును. అయినను ఈ పాఠము మనది కాకపోదు. మధ్యాహ్న భోజనమైన పిమ్మట కుళాయియొద్ద మనమందఱము చేతులు కడుగుకొందుము. ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదో రేపు ఒక్కసారి నిలిచి చూతము. అది బురదగుంటలో ఇంకుచున్నచో, ఒక పలుగును ఒక పారను తీసికొని, దానిని దగ్గఱనున్న చెట్టు పాదువఱకు నడిపింతము. మన తోటకు అదియే మొదటి కాలువ.