పాఠం 17: రెండు ఇంటర్‌నెట్ లైన్లు – ఎగువ రూటర్ల ఎంపిక

17.1 పరిచయం

ఒక పరీక్షల కార్యాలయాన్ని ఊహించుకోండి. దరఖాస్తులు పంపడానికి అది చివరి రోజు. సాయంత్రం నాలుగు గంటలకు ఇంటర్‌నెట్ ఆగిపోయింది. ఫీజు కట్టలేకపోయిన అభ్యర్థి తరువాతి పరీక్ష వరకు ఆగాలి. ఆ కార్యాలయంలో రెండు లైన్లు, రెండు ఫైర్‌వాల్‌లు ఉన్నాయి. అయినా పని ఎందుకు ఆగింది? రెండు లైన్లూ ఒకే రూటర్‌కు కలిపి ఉన్నాయి. చెడిపోయింది ఆ రూటరే.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎగువ రూటర్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• ఎగువ రూటర్లను ఎంపిక చేసేటప్పుడు చూడవలసిన అంశాలను వివరించగలుగుతారు.
• ఒక అమరికలోని బలహీన స్థానాన్ని గుర్తించగలుగుతారు.

17.3 ఫైర్‌వాల్‌ల జంట

ఏ సమాచారాన్ని లోపలికి రానివ్వాలో, దేనిని ఆపాలో నిర్ణయించే పరికరం ఫైర్‌వాల్. దాని నుంచి బయలుదేరిన సమాచారాన్ని ఇంటర్‌నెట్ సంస్థ లైనుకు అందించేది ఎగువ రూటర్.

రెండు ఫైర్‌వాల్‌లలో ఒకటి పని చేస్తుంది, మరొకటి సిద్ధంగా ఉంటుంది. లోపలి కంప్యూటర్లకు రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఒక చిరునామానే తెలుసు. ఇందుకు వాడే పద్ధతులలో 1998లో వెలువడిన వి.ఆర్.ఆర్.పి. ఒకటి. సాధారణంగా మొదటి పరికరం సెకనుకు ఒకసారి 'నేను ఉన్నాను' అనే సందేశం పంపుతుంది. మూడు నాలుగు సెకన్లు సందేశం రాకపోతే రెండవది ఆ బాధ్యత తీసుకుంటుంది.

17.4 చేసి చూడండి

కాగితం మీద రెండు రూటర్లు, రెండు స్విచ్‌లు, రెండు ఫైర్‌వాల్‌లు గీయండి. మొదటి రూటర్‌ను మొదటి స్విచ్‌కు, రెండవ రూటర్‌ను రెండవ స్విచ్‌కు కలపండి. ప్రతి స్విచ్ నుంచి రెండు ఫైర్‌వాల్‌లకూ గీత గీయండి. ఇప్పుడు ఒక్కొక్క పెట్టెను వేలితో మూయండి. ఏది మూసినా బయటికి ఒక దారి మిగులుతుంది. రెండు రూటర్ల బదులు ఒకటే గీసి, దానిని మూసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

17.5 రూటర్‌ను ఎంచుకునేటప్పుడు

(అ) సామర్థ్యం: ఒక లైను పోయినప్పుడు మొత్తం భారం మిగిలిన రూటర్ మీద పడుతుంది. కాబట్టి ప్రతి రూటరూ ఒంటరిగా ఆ భారాన్ని మోయగలగాలి.

(ఆ) పరీక్షించే శక్తి: దీపం వెలిగినంత మాత్రాన లైను పని చేస్తున్నట్లు కాదు. దూరంలోని ఒక చిరునామాను తరచుగా పలకరించి, జవాబు రాకపోతే దారి మార్చే సౌకర్యం రూటర్‌లో గాని, ఫైర్‌వాల్‌లో గాని ఉండాలి.

(ఇ) చిరునామాలు: సంస్థకు సొంత చిరునామాలు ఉంటే, రెండు ఇంటర్‌నెట్ సంస్థలతోనూ బి.జి.పి. పద్ధతిలో మాట్లాడగల రూటర్లు కావాలి. అప్పుడు ఏ లైను పోయినా బయటివారు అదే చిరునామాతో మీ సర్వర్‌ను చేరగలరు. సొంత చిరునామాలు లేకపోతే సాధారణ రూటర్లు చాలు. అయితే లైను మారినప్పుడు జరుగుతున్న పనులు తెగిపోతాయి, వాటిని మళ్లీ మొదలుపెట్టాలి.

17.6 బొమ్మలో కనిపించనివి

రెండు రూటర్లూ ఒకే యు.పి.ఎస్. మీద ఉన్నాయా? రెండు లైన్లూ వీధిలో ఒకే గోతి గుండా వస్తున్నాయా? 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రం అడుగున రెండు కేబుళ్లు తెగాయి. భారతదేశంలో ఇంటర్‌నెట్‌కు తీవ్ర అంతరాయం కలిగింది. కేబుళ్లు రెండైనా అవి సాగిన దారి దాదాపు ఒకటే. అందువల్ల లైను తీసుకునే ముందు 'మీ కేబులు ఏ దారిన వస్తుంది?' అని రెండు సంస్థలనూ అడగండి.

17.7 మీరేం నేర్చుకున్నారు?

• సంఖ్య రెండైతే చాలదు, దారులు కూడా వేరుగా ఉండాలి.
• పని తక్కువగా ఉన్న రోజున, ముందుగా అందరికీ చెప్పి, ఒక్కొక్క తీగను పీకి పరీక్షించాలి. పరీక్షించని ఏర్పాటును నమ్మరాదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. రెండు లైన్లున్నా పరీక్షల కార్యాలయంలో పని ఎందుకు ఆగింది?
2. ప్రతి రూటరూ మొత్తం భారాన్ని ఎందుకు మోయగలగాలి?

జవాబులు

1. రెండు లైన్లూ ఒకే రూటర్ మీద ఆధారపడినందువల్ల.
2. ఒక లైను పోయినప్పుడు మిగిలిన రూటరే అన్ని పనులూ చేయాలి కనుక.