కోయుటయా, ఆగుటయా? - వాయుగుండము వేళ రైతు నిర్ణయము

దివిసీమలోను, బందరు, గుడివాడ ప్రాంతములలోను సార్వా వరి కోతకు వచ్చు దినములలోనే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుచుండును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినదీ కాలముననే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరము దాటినపుడు పలుచోట్ల కోయని చేలు పడిపోయినవి. కోసిన పనలు నీట మునిగినవి.

కోత అనునది ఒక్క నిర్ణయము కాదు, వరుస నిర్ణయములు. నేడు ఆగినచో రేపు మరల ఆలోచింపవచ్చును. కోసినచో ఆ దారి మూసుకొనును. పనలు ఆరనిచ్చుటయా, కుప్ప వేయుటయా అను క్రొత్త ప్రశ్న పుట్టును.

ఇట్టి వేళ మెదడు ముందుగా ఫలితమును అంచనా కట్టును. వచ్చినది అంచనాను మించినచో డోపమిన్ అను పదార్థమును విడుదలచేయు కణములు చురుకెక్కును, తగ్గినచో మందగించును. ఆ తేడానుబట్టి తర్వాతి అంచనా మారును. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కోతులలో గమనించెను. ఇది మంచి గురువే గాని, దీనిలో ఒక చిక్కు కలదు. నిరుడు ఆగినవానికి వాన రాక లాభించినచో, ఈ యేడును ఆగుమనియే మెదడు చెప్పును. నిరుటి సంగతి ఆకాశమునకు పట్టదు గదా!

మరియు, నష్టము మనసుకు లాభముకంటె బరువుగా తోచునని కానేమన్, ట్వెర్స్కీలు 1979లో వివరించిరి. దోమపోటువలన కొంత పోగొట్టుకొన్న రైతు, దానిని పూడ్చుకొనవలెనని మరి నాలుగు గింజలకై ఆగి జూదమాడుట ఇందువలననే. ఎరువులకు పెట్టిన సొమ్ము కోసినను ఆగినను తిరిగి రాదు. దానిని ఈ లెక్కలోనికి తేరాదు.

కావున, ఆకాశము తేటగా ఉన్నపుడే షరతులు కాగితముపై వ్రాసి ఉంచుకొనుడు. నూటికి 80, 85 గింజలు పండి, వానలోపుగా కోసి భద్రపరచుటకు వ్యవధి, కూలీలు ఉన్నచో కోయవలెను. వ్యవధి చాలనిచో కోయరాదు. నిలిచిన చేనుకంటె నీటిలోని పనలే త్వరగా చెడును. యంత్రముతో కోయించువారు తడిగింజ ఆరబోయుటకు చోటు, బరకములు ముందే చూచుకొనవలెను. వాన వెలిసిన వెంటనే మురుగు తీసివేసి, తడిసిన వెన్నులు మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవలెను.

మాగాణి మినుము వేయువారికి మరియొక మెలిక కలదు. కోతకు 2, 3 దినములు ముందు విత్తనము చల్లుదురు. చల్లినపిమ్మట కోత ఆపుట కష్టము. నీరు నిలిచినచో విత్తనము కుళ్లును. వాయుగుండము కబురు ఉన్నన్నాళ్లు మినుములు గాదెలోనే ఉంచుడు.