ఎండని చేప

నేను దివిసీమలో ప్రాథమిక పాఠశాల మాస్టరుగా చేరిన రెండో ఏడే ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. 10,000 మందికి పైగా పోయారు. బడి మళ్ళీ తెరిచాక వచ్చిన పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో లేరు. పలక ముట్టుకునేవాళ్ళు కాదు. ఏం చెయ్యాలో తోచక కథలు మొదలుపెట్టాను. ఆ తర్వాత 30 ఏళ్ళ నౌకరీలోనూ, మా ఇంట్లోనూ అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లల పక్కన కూర్చోవలసి వచ్చింది. నాకు తెలిసివచ్చినవి కొన్ని చెబుతాను.

1. ముందు నిజం, తర్వాతే కథ. "అమ్మ నిద్రపోయింది" అంటే బిడ్డ నిద్రకు జడుస్తుంది. "ఊరెళ్ళింది" అంటే వచ్చే ప్రతి బస్సుకూ ఎదురెళ్తుంది. అయిదారేళ్ళలోపు పిల్లలకు చనిపోవడమంటే ఇక రాకపోవడమని సరిగా తెలియదు. "చనిపోయింది, ఇక రాదమ్మా" అని మనమే చెప్పాలి. అడిగినన్నిసార్లూ చెప్పాలి.

2. తప్పు తమదేనని పిల్లలు లోపల కుమిలిపోతుంటారు. మా బళ్ళో ఎనిమిదేళ్ళ కుర్రాడు ఒకడుండేవాడు. ఆ రాత్రి నీళ్ళలో చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు, జారిపోయింది. కుడిచేతిని ఎప్పుడూ చొక్కా కింద దాచుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఏడు చేపల కథ చెబుతున్నాను. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం, గడ్డిని ఆవు మెయ్యలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. తన పుట్టలో వేలు పెట్టాడని కుట్టింది. పిల్లలంతా నవ్వారు. వాడు నవ్వలేదు.

"అయితే తప్పెవరిది మాస్టారూ?" అన్నాడు.

జవాబు నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. "నువ్వే చెప్పరా" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. "చీమది కాదండీ. పిల్లోడిదీ కాదు. అది పుట్ట అని వాడికి తెలీదు గదా" అన్నాడు.

మర్నాడూ ఆ కథే అడిగాడు. వారం పైగా రోజూ అదే. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ చెయ్యి బయటికి తీసి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇట్టా పట్టుకున్నా మాస్టారూ. నీళ్ళు లాగేసినయ్యి." నీ తప్పేం లేదని వాడికి అప్పటికే నలుగురం చెప్పాం. చెప్పాలి కూడా. కానీ ఆ చేప మీద పెట్టి తనే తూచుకున్నాక గానీ వాడికి నమ్మకం కుదరలేదు.

3. పోయినవాళ్ళు తిరిగొచ్చే కథలు కొన్నాళ్ళు వద్దు. ఇది నా పొరపాటు వల్ల తెలిసింది. ధైర్యం వస్తుందని సావిత్రి కథ చెప్పాను. విన్న ఒక పాప, "నేను యముడి వెంట పోలేదనేనా మా అమ్మ రాలేదు?" అంది. ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం చెప్పానో కూడా నాకు గుర్తులేదు. పదేళ్ళు దాటిన వాళ్ళకు మాత్రం నచికేతుడు పనికొచ్చాడు. మూడు రాత్రులు పస్తుతో గుమ్మంలో కాచుకున్న పిల్లాణ్ణి చూసి యముడంతటివాడు నొచ్చుకున్నాడు. చచ్చాక ఏమవుతారని ఆ పిల్లాడు అడిగితే, బంగారం, ఏనుగులు ఇస్తాను అది మాత్రం అడగొద్దన్నాడు. పిల్లాడు వదల్లేదు. ఆ కథ విన్నాక మా పిల్లలు చావు గురించి నన్ను ఏదైనా అడగగలిగారు.

4. భయపడే బిడ్డకు భయం కథ దాచకండి. గాలి లేచి సరుగుడు తోట హోరెత్తితే మా పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు. అలాంటివాళ్ళే బాలనాగమ్మ కథలో మాయల మరాఠీని చెప్పమని పీడించేవాళ్ళు. మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి సముద్రం దాటే చోటికి వచ్చేసరికి అందరూ ముందుకు జరిగేవాళ్ళు. సముద్రాన్ని దాటిన తమ ఈడు కుర్రాడు ఒకడు వాళ్ళకు కావలసి వచ్చాడు. ఆ కథలో అమ్మ చనిపోలేదు, చెరలో ఉంది. ఆ తేడా ముందే చెప్పి మొదలుపెట్టేవాణ్ణి.

5. చివర నీతి చెప్పొద్దు. వాళ్ళకు కావలసింది వాళ్ళే తీసుకుంటారు. చెబుతుంటే మన గొంతు పూడుకుపోతే పూడుకుపోనివ్వండి. పెద్దవాళ్ళూ ఏడవచ్చని బిడ్డకు అలాగే తెలుస్తుంది.

6. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం ఉంటారు. ఆ మర్నాటికి చుట్టాలంతా బస్సెక్కేస్తారు. బిడ్డకు అసలు కష్టం మొదలయ్యేది ఆ రాత్రి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఆ రాత్రి నుంచి ఎవరో ఒకరు పక్కన పడుకోండి. తెలిసిన కథ ఒక్కటైనా సరే, నిద్రపట్టేదాకా చెప్పండి.