గలగలమనే బంతి

2023వ సంవత్సరం. ఆగస్టు 26వ తేదీ. ఇంగ్లండు దేశంలో బర్మింగ్‌హాం అనే పెద్ద పట్నం ఉంది. ఆ పట్నంలో ఎడ్జ్‌బాస్టన్ అనే క్రికెట్ మైదానం ఉంది. ఆ రోజు అక్కడ రెండు జట్లు పోటీ పడ్డాయి. ఒకటి ఆస్ట్రేలియా ఆడవాళ్ళ జట్టు. రెండోది మన భారతదేశం ఆడవాళ్ళ జట్టు.

క్రికెట్ అంటే అందరికీ తెలుసు. సంతకు పోతే టీ కొట్టు దగ్గర టీవీలో కనబడుతుంది. కాని ఈ ఆట వేరు. రెండు జట్లలో ఉన్నవాళ్ళూ చూపు సరిగ్గా లేనివాళ్ళే. కొందరికి బొత్తిగా చూపు లేదు. కొందరికి మసక చూపు.

మన జట్టులో వలసనైని రవణి అనే అమ్మాయి ఉంది. ఆమెది అల్లూరి సీతారామరాజు జిల్లా. అంటే అరకు, పాడేరు, చింతపల్లి ఉన్న మన కొండల జిల్లా. ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం పోవడమే మన్యంలో చాలామందికి పెద్ద ప్రయాణం. ఆ అమ్మాయి సముద్రాలు దాటి ఇంగ్లండు పోయింది. అదీ దేశం తరఫున ఆడడానికి.

చూపు లేకుండా క్రికెట్ ఎలా ఆడతారు? ముందు అది తెలుసుకుందాం.

ఈ బంతి తోలు బంతి కాదు. గట్టి ప్లాస్టిక్ బంతి. లోపల చిన్న చిన్న ఇనుప గోళీలు ఉంటాయి. సైకిలు చక్రం బేరింగులో ఉంటాయి చూడండి, అలాంటివి. బంతి దొర్లితే గలగలమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడే ఆటకు ఆధారం. బంతి ఎటునుంచి వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది, ఎంత దూరంలో ఉంది, అన్నీ చెవితోనే తెలుసుకోవాలి.

బంతిని చేయి పైకెత్తి విసరరు. చేయి కిందినుంచి, నేలబారుగా వేస్తారు. పిచ్చి సగం దాటకముందే బంతి నేలకు తగలాలి. లేకపోతే చప్పుడు రాదు, ఆడేవాళ్ళకు తెలియదు. బంతి వేసే అమ్మాయి ముందుగా "రెడీ?" అని అడుగుతుంది. బ్యాటు పట్టుకున్న అమ్మాయి "యస్" అంటుంది. బంతి చేయి వదిలేటప్పుడు వేసే అమ్మాయి "ప్లే" అని అరుస్తుంది. ఈ మూడు మాటలూ లేకుండా బంతి పడదు. వికెట్లు కూడా కర్రవి కాదు, లోహపు గొట్టాలు. బంతి తగిలితే ఖంగుమంటుంది. ఔటయినట్టు ఆ మోత చెబుతుంది.

బంతి నేలమీద దొర్లుకుంటూ వస్తుంది కాబట్టి చాలామంది మోకాలు వంచి, బ్యాటును నేలమీద అడ్డంగా ఊడ్చినట్టు ఆడతారు. చీపురుతో కల్లం ఊడ్చినట్టు ఉంటుంది చూడడానికి. ఆడుతున్నంతసేపు చుట్టూ ఉన్న జనం సద్దు చేయకూడదు. ఈలలు, డప్పులు అన్నీ బంతి ఆగాకే. అడవిలో బతికే మనుషులకు ఈ సంగతి కొత్త కాదు. పొదల వెనక ఎలుగు కదిలితే కంటి కన్నా ముందు చెవికే గదా తెలిసేది!

జట్టులో పదకొండు మంది ఉంటారు. చూపును బట్టి వాళ్ళు మూడు రకాలు. బొత్తిగా చూపు లేనివాళ్ళు బి1. రెండు మూడు మీటర్ల దాకా ఏదో మసగ్గా కనబడేవాళ్ళు బి2. ఇంకాస్త దూరం కనబడేవాళ్ళు బి3. జట్టులో కనీసం నలుగురు బి1 వాళ్ళు ఉండి తీరాలి. చూపు కొంచెం ఉన్నవాళ్ళనే ఏరుకుని జట్టు కట్టుకోకుండా ఈ నియమం పెట్టారు. చాలా మంచి నియమం.

ఇంకో నియమం కూడా ఉంది. బి1 ఆటగాళ్ళు కొట్టిన ప్రతి పరుగుకూ రెండు పరుగులు లెక్క. నాలుగు కొడితే ఎనిమిది. ఒకటి తీస్తే రెండు. వాళ్ళ తరఫున పరుగెత్తడానికి వేరే మనిషి ఉంటారు. బంతి ఒకసారి నేలమీద పడి లేచాక వాళ్ళు పట్టినా క్యాచ్ కిందే లెక్క. రవణి బి1 ఆటగత్తె. ఇది జాలితో ఇచ్చేది కాదు. ఏమీ కనబడనివాళ్ళు ఒక పరుగు తీయడానికి రెండింతల కష్టం పడతారు. కష్టానికి తగిన లెక్క అది.

ఇప్పుడు బర్మింగ్‌హాం సంగతికి వద్దాం. అవి ఒక్క క్రికెట్ పోటీలు కావు. అంధుల ప్రపంచ క్రీడలు. చూపు లేనివాళ్ళ ఆటల కోసం 1981లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సంఘం పుట్టింది. ఆ సంఘమే ఈ క్రీడలు జరుపుతుంది. మొదటిసారి 1998లో స్పెయిన్ దేశంలోని మాడ్రిడ్‌లో జరిగాయి. 2023లో ఆగస్టు 18 నుంచి 27 దాకా బర్మింగ్‌హాంలో జరిగాయి. వెయ్యి మందికి పైగా వచ్చారు. ఫుట్‌బాల్, జూడో, చదరంగం లాంటి ఎన్నో ఆటలు. క్రికెట్‌ను ఈ క్రీడల్లో చేర్చడం మాత్రం అదే మొదటిసారి.

ఆడవాళ్ళ క్రికెట్‌కు మూడే జట్లు వచ్చాయి. భారత్, ఆస్ట్రేలియా, ఇంగ్లండు. మూడు జట్ల పోటీ కూడా ఒక పోటీయేనా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పెద్ద పోటీ కాదు. కాని చాలా దేశాల్లో ఆడవాళ్ళ జట్లు ఎందుకు లేవు? చూపు లేని ఆడపిల్లను ఇల్లు దాటి పంపేవాళ్ళు తక్కువ కాబట్టి. మన దేశంలో కూడా ఆ జట్టు తయారై ఎంతో కాలం కాలేదు. ఆంధ్ర, ఒడిశా, కర్ణాటక, కేరళ, మధ్యప్రదేశ్, ఇలా పలు రాష్ట్రాల నుంచి అమ్మాయిలను తెచ్చి కూర్చారు. ఒకరి భాష ఒకరికి రాదు. అందరికీ తెలిసిన భాష బంతి చప్పుడే.

ఆఖరి పోటీలో ఆస్ట్రేలియా ముందు ఆడింది. 20 ఓవర్లలో 8 వికెట్లు పోగొట్టుకుని 114 పరుగులు చేసింది. తరవాత వాన వచ్చింది. వాన వస్తే ఓవర్లు తగ్గిస్తారు. తగ్గిన ఓవర్లలో ఎన్ని పరుగులు చేస్తే గెలుపో దానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారం మనవాళ్ళు 42 పరుగులు చేయాలన్నారు. నాలుగో ఓవర్‌లోనే చేసేశారు. ఒక్క వికెట్టే పోయింది. బంగారు పతకం మనది. ఈ క్రీడల్లో ఆడవాళ్ళ క్రికెట్‌కు ఇచ్చిన మొట్టమొదటి బంగారు పతకం అది.

మగవాళ్ళ జట్టు కూడా ఆఖరి పోటీ దాకా పోయింది. ఆ జట్టు నాయకుడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. ఆయనా తెలుగువాడే. పాకిస్తాన్ చేతిలో ఓడిపోయి వెండి పతకం తెచ్చుకున్నారు. తరవాత అజయ్ కుమార్ రెడ్డికి 2023 సంవత్సరపు అర్జున అవార్డు వచ్చింది.

మూడు జట్ల గెలుపు అని తేలిగ్గా మాట్లాడినవాళ్ళకు రెండేళ్ళకు జవాబు దొరికింది. 2025 నవంబరులో చూపు లేని ఆడవాళ్ళకు మొట్టమొదటి ట్వంటీ20 ప్రపంచ కప్ పెట్టారు. మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఆటలు జరిగాయి. ఈసారి ఆరు జట్లు. భారత్, నేపాల్, శ్రీలంక, పాకిస్తాన్, ఆస్ట్రేలియా, అమెరికా. మనవాళ్ళు ఒక్క ఆట కూడా ఓడలేదు.

ఈ జట్టులో కూడా మన కొండల పిల్ల ఉంది. పేరు పాంగి కరుణకుమారి. పాడేరు మండలం. విశాఖపట్నంలో చూపు లేని ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే బడిలో పదో తరగతి చదువుతూ జట్టుకు ఎంపికయింది. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ళు.

నవంబరు 23న కొలంబోలో ఆఖరి పోటీ. ఎదురు జట్టు నేపాల్. నేపాల్ ముందు ఆడి 5 వికెట్లకు 114 పరుగులు చేసింది. 20 ఓవర్లలో వాళ్ళు కొట్టిన ఫోరు ఒక్కటే. మన బౌలింగు, ఫీల్డింగు అంత గట్టిగా సాగాయి. తరవాత మనవాళ్ళు దిగారు. ఒడిశాలోని బాలాసోర్ జిల్లా ఆదివాసీ అమ్మాయి ఫూలా సరేన్ 44 పరుగులు చేసి చివరి దాకా నిలబడింది. పాడేరు అమ్మాయి కరుణ 42 పరుగులు కొట్టింది. ఇద్దరివీ కలిపితే 86. పదమూడో ఓవర్‌లోనే ఆట ముగిసింది. 117 పరుగులు, 3 వికెట్లు. మొదటి ప్రపంచ కప్ మనది. గెలుపులో ముప్పాతిక వంతు కాయకష్టం ఇద్దరు ఆదివాసీ అమ్మాయిలదని లెక్క కట్టి చూసుకోవచ్చు.

జట్టు నాయకురాలు దీపిక. ఆమెది శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర వైపు పల్లె. ఆడేది కర్ణాటక తరఫున. డిసెంబరు 12న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ జట్టును పిలిచి ఒక్కొక్క ఆటగత్తెకు 5 లక్షల రూపాయలు ఇచ్చారు. అప్పుడు దీపిక తన ఊరికి రోడ్డు వేయించమని అడిగింది. ప్రపంచ కప్పు గెలిచిన పిల్ల అడిగింది రోడ్డు! గర్భిణిని డోలీలో మోసుకుపోయే ఊళ్ళవాళ్ళకు ఆ కోరిక విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంత దూరం ఈ పిల్లలు ఎలా వచ్చారు? బడి వల్ల వచ్చారు. ఊళ్ళో ఉండి ఉంటే గలగలమనే బంతి ఒకటుందని వాళ్ళకు తెలిసేదే కాదు.

కొండ ఊళ్ళలో చూపు లేని పిల్ల పుడితే తల్లిదండ్రులు ఏం చేస్తారు? ప్రేమగానే చూస్తారు. గుమ్మంలో కూర్చోబెడతారు. వేళకు ఇంత చోడి అంబలి పోస్తారు. పొడుపనికి, కాఫీ తోటకు పోయేటప్పుడు అవ్వ దగ్గర వదిలి పోతారు. "దీన్ని ఎవరు చూస్తారమ్మా అంత దూరంలో" అని బడికి పంపరు. ఆ భయం తప్పని ఎవరూ అనలేరు. పిల్ల దూరం పోతుందంటే ఏ తల్లికయినా గుండె జారుతుంది. కాని గుమ్మంలో కూర్చున్న పిల్ల పదేళ్ళు గడిచినా గుమ్మంలోనే ఉంటుంది. తల్లి పెద్దదవుతుంది. అవ్వ పోతుంది. అప్పుడు ఎవరు చూస్తారు?

చూపు లేని పిల్లల బడిలో బ్రెయిలీ నేర్పుతారు. అవి వేలితో తడిమి చదివే అక్షరాలు. ఆరు చుక్కలు. అవి మందపాటి కాగితం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ ఆరు చుక్కలతోనే తెలుగు అక్షరాలన్నీ రాయవచ్చు. ఈ పద్ధతిని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు లూయీ బ్రెయిలీ. చిన్నప్పుడే చూపు పోయింది. 1824లో ఈ అక్షరాలు కూర్చేనాటికి అతనికి పదిహేనేళ్ళు. కరుణ ప్రపంచ కప్ ఆడిన వయసే. పెద్ద వయసులో పలక పట్టి అ, ఆ దిద్దినవాళ్ళకు తెలుసు, మొదటి అక్షరం ఎంత బరువో. వేలి కొసతో దిద్దేవాళ్ళకు ఇంకా బరువు.

చట్టం కూడా ఉంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లకు, చూపు లేకపోయినా సరే, ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గరలోని బడిలోనయినా, ప్రత్యేక బడిలోనయినా చేర్చవచ్చు. ముందుగా సదరం శిబిరంలో డాక్టరుకు చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఉంటే పింఛను కూడా వస్తుంది. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు.

ఇంకో మాట. చూపు లేదనుకున్న పిల్లలందరికీ నిజంగా చూపు పోయినట్టు కాదు. పుట్టుకతోనే కంట్లో శుక్లం ఉండే పిల్లలుంటారు. కంటిపాప తెల్లగా కనబడుతుంది. బిడ్డకు రెండు మూడు నెలలు వచ్చినా తల్లి ముఖం వంక చూడకపోతే, దీపం కదిలిస్తే కళ్ళు తిప్పకపోతే వెంటనే ఆశా కార్యకర్తకు చెప్పాలి. తొందరగా ఆపరేషన్ చేస్తే చూపు వచ్చే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా సరిగ్గా రాదు. ఎ విటమిన్ లోపం వల్ల కూడా పిల్లల చూపు పోతుంది. తొమ్మిదో నెలలో మొదటి మోతాదు వేస్తారు. తరవాత ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి వేయించాలి. మునగాకు, బొప్పాయి, గుమ్మడి పెరట్లోనే దొరుకుతాయి. వాటిని పిల్లలకు పెట్టాలి.

చెప్పండి, లెక్క కట్టండి

బొత్తిగా చూపు లేని ఒక అమ్మాయి రెండు ఫోర్లు కొట్టింది. మూడు ఒంటి పరుగులు తీసింది. ఆమె ఖాతాలో ఎన్ని పరుగులు వేస్తారు?

వికెట్లు లోహపువి ఎందుకు పెట్టారు?

మీ ఊళ్ళో, పక్క గూడెంలో చూపు లేని పిల్లలు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ వయసు ఎంత? బడికి పోతున్నారా? సదరం పత్రం ఉందా? కేంద్రంలో అందరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి.