‘వీడికి చదువు అబ్బదు’ అన్నారు, నమ్మమంటారా?

సమస్య

మేడమ్, మాది పుత్తూరు. మా ఆయన పవర్‌లూమ్ షెడ్డులో కూలికి నేస్తాడు, నేను ఇంటికాడ కండెలు చుడతాను. తిరుత్తణి పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చినదాన్ని. ఇంట్లో అందరం అరవమే మాట్లాడుకుంటాం. తెలుగు బాగా మాట్లాడతాను గానీ రాసేది అంతంతమాత్రం. ఈ జాబు పక్కింటి అమ్మాయి చేత రాయిస్తా ఉండాను.

మాకు ఇద్దరు పిలకాయలు. పెద్దోడికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. అయిదు దాకా మా వీధిలోని గవర్నమెంటు బడిలో చదివినాడు. అక్కడ ఒక ఐవారు ఉండేవారు. లెక్కల గంటలో వీణ్ణి పిలిచి బోర్డు మీద చేయించేవారు. సంతలో కనపడినా “మీ వాడు లెక్కల్లో గట్టోడమ్మా” అనేవారు. ఆరుకి వచ్చేసరికి అందరూ ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి అంటే, అప్పు చేసి మేమూ చేర్పించినాం. అప్పటినుంచీ మార్కులు తగ్గుతానే ఉండాయి. ఈ తూరి అర్ధ సంవత్సర పరీక్షలు అయినాక వాణ్ణి ‘సి’ సెక్షన్‌లోకి మార్చినారు. ఆ సెక్షన్ పిలకాయల్ని మిగతావాళ్లు ఏమని పిలుస్తారో రాయించడానికి నాకు నోరు రావడంలేదు.

నెల కింద బడికి కౌన్సెలర్ అని ఒక మేడమ్ వచ్చింది. శనివారం శనివారం వస్తుంది. ‘సి’ సెక్షన్ వాళ్లందరికీ ఒక పేపరు ఇచ్చి రాయించినారంట. తర్వాత మా ఇద్దర్నీ పిలిపించి, వాడి ముందరే చెప్పింది. “మీ అబ్బాయి స్లో లెర్నర్. పదో తరగతి దాటడమే కష్టం. ఆశలు పెట్టుకోకుండా ఏదైనా పని నేర్పించండి” అనింది. కోపంగా ఏమీ చెప్పలేదు మేడమ్, మెల్లగా, మర్యాదగానే చెప్పింది. అందుకే నిజమేమో అనిపిస్తా ఉండాది.

ఆ రోజునుంచి వాడు ఇంట్లో పుస్తకం ముట్టుకోలేదు. బడికి పోతాడు, వస్తాడు. రాత్రయితే షెడ్డుకు పోయి వాళ్ల నాయన పక్కన కూర్చుంటాడు. మా ఆయనేమో “సరేలే, బడి మాన్పిస్తే మగ్గం నేర్చుకుంటాడు” అంటాడు. కానీ మేడమ్, వారం చివర మా కూలి లెక్క వేసేది వాడే. ఇన్ని మీటర్లు, మీటరుకి ఇంత, అడ్వాన్సులో ఇంత పట్టుకుంటే చేతికి ఎంత వస్తుందో కాగితం లేకుండా చెప్తాడు. ఒకసారి గుమాస్తా తప్పు వేస్తే పట్టుకున్నాడు కూడా. ఇట్లాంటోడికి చదువు రాదా? ఆ మేడమ్ మాట నమ్మాలా? బడి మార్చాలా? వాడితో ఏం మాట్లాడాలో చెప్పండి.

– ఒక తల్లి, పుత్తూరు

సలహా

అమ్మా, ఆ మాట నమ్మకండి. పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టి ఒక కాగితం మీద రాయించి, పదమూడేళ్ల బిడ్డ పదో తరగతి దాటతాడో దాటడో చెప్పగలిగే విద్య ఏదీ లేదు. ‘స్లో లెర్నర్’ అనేది జబ్బు పేరేమీ కాదు, బడుల్లో వాడుకలో పడిపోయిన మాట. తెలివితేటలను కొలిచే పరీక్షలు ఉన్నాయి, నిజమే. వాటిని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడికి బాగా అర్థమయ్యే భాషలో చేయాలి. అప్పుడు కూడా ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పరు. మీ వాడికి ఇచ్చిన పేపరు ఏ భాషలో ఉందో మీరు రాయలేదు. ఇంగ్లీషులో ఉండి ఉంటే, అది కొలిచింది వాడి ఇంగ్లీషునే.

మీ జాబులోనే నాకు కావలసిన ఆధారం ఉంది. మీటర్లను రేటుతో హెచ్చవేసి, అందులోంచి అడ్వాన్సు తీసేసి, వచ్చినదాన్ని గుమాస్తా లెక్కతో పోల్చి, తప్పు ఎక్కడుందో చెప్పాడు. ఇదంతా మనసులోనే చేశాడు. లెక్కల పాఠంలో మనం పిల్లలనుంచి కోరేది ఇంతకంటే ఏముంది? ఇదే లెక్క ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాసి ఇస్తే వాడు ఆగిపోతున్నాడేమోనని నా అనుమానం. వాడు ఇంట్లో వినేది అరవం. అక్షరాలు దిద్దింది తెలుగులో. ఆరునుంచి పాఠం నడుస్తున్నది ఇంగ్లీషులో. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్లలో పిల్లల పరిస్థితి ఇదే, ఆ చుట్టుపక్కల పనిచేసే టీచర్లందరికీ తెలిసిన సంగతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో 2020-21 నుంచి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో అచ్చు వేయడం మొదలైంది. ఇంగ్లీషులో తెలియని మాట ఎదురైతే పిల్లవాడు పక్క పేజీ చూసుకునే వీలుంది. కొత్త బడిలో మీ వాడికి ఆ ఆసరా పోయి ఉంటుంది.

ఇది నా ఊహే. దీన్ని తేల్చడం తేలిక. లెక్కల టీచరును ఒంటరిగా కలిసి, వాడు తప్పిన లెక్కలు రెండు మూడు తీసుకుని నోటితో తెలుగులో చెప్పి చూడమని అడగండి. చేసేశాడంటే, లోటు లెక్కల్లో లేదు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. దానికి మందు రోజూ కాసేపు సాధన, రెండు భాషల పుస్తకం. మీ వీధి ప్రభుత్వ బడి పిల్లలనడిగితే ఆ పుస్తకం దొరుకుతుంది. తెలుగులో చెప్పినా చేయలేకపోతే, ఏ తరగతి లెక్క దగ్గర జారుతున్నాడో టీచరు వెనక్కి వెళ్లి చూడాలి. తెలుగు చదివేటప్పుడు కూడా అక్షరాలు తారుమారు చేస్తున్నాడా, బోర్డు మీదిది ఎక్కించుకునేటప్పుడు వరసలు దాటేస్తున్నాడా అన్నదీ గమనించమనండి. అలా ఉంటే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉందేమో చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. తెలివి తక్కువతనానికీ దానికీ సంబంధం లేదు. ముందుగా కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఇంత చిన్న సంగతి తేలక మొద్దులుగా ముద్ర పడిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

విరిగిన ఎముకలకు కట్టు కోసం మీ ఊరికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. అక్కడ కట్టు కట్టేవారు ముందు చేతితో తడిమి ఎముక ఎక్కడ విరిగిందో చూసుకుంటారు. బడిలో కౌన్సెలర్ పని మొదలవ్వాల్సిందీ అలాగే. మీ వాడితో ఒక గంట విడిగా కూర్చుని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, అయిదులో లెక్కలు బాగా చేసేవాడివట కదా, ఆరులో ఏమైంది, ఏ గంట అంటే భయం, పక్కన ఎవరు కూర్చుంటారు అని అడిగి ఉంటే, మీరు నాకు రాసినదంతా ఆమెకు వాడే చెప్పేవాడు. ఆమె మర్యాదగానే చెప్పారన్నారు. ఆమె మనసు చెడ్డదని నేనూ అనుకోవడంలేదు. బడి ఆమెకు వారంలో ఒక్కరోజే ఇచ్చింది, ఒక సెక్షన్ మొత్తాన్ని అప్పజెప్పింది. అయినా, పిల్లవాడి ముందే ఆ మాట అనడం మాత్రం పెద్ద తప్పు. పదమూడేళ్ల వయసులో పెద్దవాళ్ల నోటినుంచి విన్న మాటను పిల్లలు తమ గురించిన నిజమనే అనుకుంటారు.

మీ ఐవారిని తలచుకోండి. ‘గట్టోడు’ అని ఆయన ఊరికే పొగడలేదు. బోర్డు దగ్గరికి పిలిచి, పని ఇచ్చి, అది చేసినాక అన్నారు. టీచరు నమ్మకం పిల్లల చదువును ఎలా మారుస్తుందో 1960లలో అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ పరీక్షించారు. చీటీలు తీసినట్టు కొందరు పిల్లల్ని ఎంచి, ‘వీళ్లు ఈ ఏడు బాగా పైకి వస్తారు’ అని టీచర్లకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల్లో, ముఖ్యంగా ఒకటి రెండు తరగతుల వాళ్లలో, ఎదుగుదల ఎక్కువగా కనిపించింది. 1968లో పుస్తకంగా వచ్చిన ఆ ఫలితాలు ఎంత పెద్దవన్న దానిమీద పండితులు చాలా వాదించుకున్నారు. కానీ నమ్మిన పిల్లవాణ్ణి టీచరు ఎక్కువసార్లు పిలుస్తారు, జవాబు కోసం ఇంకొంచెం ఆగుతారు, తప్పు చెబితే మళ్లీ అడుగుతారు. తరగతిలో కూర్చున్న ఎవరికైనా ఇది కళ్లకు కనబడుతుంది. ‘సి’ సెక్షన్‌లో జరిగేది దీనికి వ్యతిరేకం. అక్కడ పిల్లల్ని అడిగేవాళ్లే తగ్గిపోతారు.

అలా విడదీయడం మీద మన దేశ అత్యున్నత న్యాయస్థానమే మాట్లాడింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులనుబట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలని అందులో చెప్పింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలనీ, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. కౌన్సెలర్‌ను పెట్టి, ‘సి’ సెక్షన్‌ను అలాగే ఉంచితే ఆ తీర్పులో సగమే పాటించినట్టు. హెడ్‌మాస్టరు దగ్గర ఈ సంగతి గొడవలా కాకుండా, మాకు తెలుసన్నట్టు చెప్పండి. వాణ్ణి పాత సెక్షన్‌కు పంపమని అడగండి.

పిల్లల్ని విడదీయకుండా చదువు చెప్పమనడం గొంతెమ్మ కోరిక కాదని చూపే ఉదాహరణ మన వైపే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాలవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లో, ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలు చదువుకుంటారు. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. ప్రతి పిల్లవాడూ తానున్న మెట్టునుంచి మొదలుపెడతాడు. వారం రోజులు కోతలకు వెళ్లి వచ్చినా, వదిలిన చోటే అందుకుంటాడు. ఎవడు ఏ మెట్టు మీద ఉన్నాడో టీచరుకు తెలుసు. రామ, పద్మనాభరావు దంపతులు రూపొందించిన ఈ పద్ధతి తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులకు కూడా వెళ్లింది. మీ పుట్టింటి వైపు చిన్న తరగతుల్లో అలా చదువుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై ఉంటారు. ఎనిమిదో తరగతిలో కార్డులు లేకపోయినా, మీ వాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో ఒక్క టీచరు పట్టించుకుంటే చాలు.

ఇక బిడ్డ సంగతి. ఆ మాట విన్న రోజునుంచి పుస్తకం ముట్టడంలేదన్నారు. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. ‘నేనెందుకు ఉండటం’ లాంటి మాట ఒక్కటి అన్నా ఆలస్యం చేయవద్దు. 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ నంబరు. ఏ వేళలోనైనా, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అభ్యసన వైకల్యం పరీక్ష ఎక్కడ చేయించాలో కూడా అక్కడే అడగవచ్చు. వాడితో మాట్లాడేటప్పుడు ‘నువ్వు తెలివైనోడివిరా’ అని ఊరికే అనకండి, ఇప్పుడు నమ్మడు. ఈ వారం కూలి లెక్క వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని, అది ఎలా వేశాడో అడిగి చెప్పించుకోండి. అదే లెక్కను తెలుగులో రెండు వాక్యాలుగా కాగితం మీద రాయమనండి. వారం పోయాక దాన్నే ఇంగ్లీషులో. మీకు జాబు రాసిపెట్టిన అమ్మాయి సాయం అడగండి. అక్కలా ఆ అమ్మాయి వాడితో సాయంత్రం అరగంట కూర్చున్నా చాలా మేలు.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి. ఆయన వాణ్ణి కాపాడాలనే మగ్గం దగ్గరికి రమ్మంటున్నారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. రాత్రిళ్లు ఆయన పక్కన కూర్చోవడం వాడికి ఇప్పుడు ఊరట కూడా. కానీ పద్నాలుగేళ్లు నిండని బిడ్డను బడి మాన్పించి పనిలో పెట్టడానికి చట్టం ఒప్పదు. ఒప్పినా, ఎవరో ఒక మాట అన్నారని తీసుకునే నిర్ణయం కాదది.

బడి మార్పు ఇప్పుడు వద్దు. ఏడాది మధ్యలో మారిస్తే, తనను తరిమేశారనుకుంటాడు. ఏప్రిల్ దాకా చూడండి. లెక్కల టీచరు ఆ చిన్న పరీక్ష చేయడానికి ఒప్పుకున్నారా, సెక్షన్ మార్చారా అన్నదే కొలత. ఒప్పుకోకపోతే జూన్‌లో రెండు భాషల పుస్తకాలున్న ప్రభుత్వ హైస్కూలులో చేర్పించండి, దాన్ని తగ్గడం అనుకోవద్దు. ఈలోగా వీలైతే ఆ ఐవారిని వెతికి పట్టుకోండి. ఒక్కసారి మీ ఇంటికి వచ్చి వాడితో మాట్లాడమనండి, ఆయన వస్తారనే నా నమ్మకం.

శనివారం ఆ కౌన్సెలర్ మేడమ్‌ను కూడా మళ్లీ కలవండి. ఏ పరీక్ష పెట్టారో, ఏ భాషలో పెట్టారో, ఏ ఆధారంతో అలా చెప్పారో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. తర్వాత మీ కూలి లెక్క సంగతి ఆమెకు చెప్పండి. గుమాస్తా తప్పు పట్టిన సంగతి తప్పకుండా చెప్పండి.